ఏపీకే ఫైలు: సీలు చూడాలి, సరుకూ చూడాలి

సభ్య సంఘాల నుంచి మాకు వచ్చే ప్రశ్నలలో వెన్న శాతం, దాణా ధర, బిల్లుల చెల్లింపు వంటివి ఎప్పుడూ ఉండేవే. ఈ మధ్య వీటితో పాటు ఒక కొత్త ప్రశ్న తరచుగా వస్తున్నది. "ఫోనుకు ఏపీకే ఫైలు అని ఒకటి వచ్చింది. వేసుకోవచ్చునా, కూడదా?" అని సభ్యులూ, కార్యదర్శులూ కూడా అడుగుతున్నారు.

దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. పాల సేకరణ యంత్రాలు అమ్మినవారు తమ ప్రోగ్రామును సవరించినప్పుడు కొత్త ఏపీకే ఫైలును కార్యదర్శికి వాట్సాప్‌లో పంపడం కద్దు. అది పనికివచ్చేదే. అదే వాట్సాప్‌లో, అదే రూపంలో, బ్యాంకు ఖాతాలను ఖాళీ చేసే ఫైళ్లు కూడా వస్తున్నాయి. పైకి రెండింటికీ తేడా కనపడదు. తెల్లవారుజామున లేచి, పితికి, కేంద్రంలో పోసిన పాల డబ్బు ఇప్పుడు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతున్నది. ఆ ఖాతా తాళం ఫోనులోనే ఉన్నది. కనుక ఈ విషయం పాడి రైతుకు సంబంధించనిది కాదు.

ఏపీకే అంటే ఏమిటో, అందులో ఏముంటుందో, ఫోను దానిని ఎంతవరకు పరీక్షిస్తుందో, ఏది పరీక్షించలేదో తెలుసుకుంటే, వేసుకోవాలా వద్దా అన్నది మనమే తేల్చుకోవచ్చు. ఆ ఉద్దేశంతోనే ఈ వ్యాసం రాస్తున్నాము.

ప్రోగ్రామును మూట ఎందుకు కడతారు?

ప్రోగ్రాము అంటే యంత్రం ఏమి చేయాలో వరుసగా రాసిన ఆదేశాలు. ఫోనులో వాడే ప్రోగ్రామునే యాప్ అంటున్నాము. అయితే పనిచేసే ప్రోగ్రాము ఏదీ సాధారణంగా ఒకే ఫైలుగా ఉండదు. పాల సేకరణ ప్రోగ్రామునే తీసుకోండి. వెన్న శాతాన్ని బట్టి ధర కట్టే ఆదేశాలు ఒక ఫైలులో ఉంటాయి. తెర మీద కనిపించే బొమ్మలు, గుర్తులు మరికొన్ని ఫైళ్లు. తెలుగు మాటల పట్టిక ఇంకొకటి. తూకం యంత్రం నుంచి అంకెలు తీసుకునే భాగం మరొకటి. ఇవన్నీ ఉండవలసిన చోట ఉంటేనే స్లిప్పు సరిగా వస్తుంది.

వీటిని విడివిడిగా ఒకచోట నుంచి మరొకచోటికి చేర్చడంలో చిక్కు ఉంది. ఒక ఫైలు మరిచిపోతే ప్రోగ్రాము తెరుచుకోదు. కొత్త ఫైళ్ల మధ్య పాత ఫైలు ఒకటి మిగిలిపోతే తెరుచుకుంటుంది కాని, లెక్క తప్పవచ్చు. అందుచేత అన్నింటినీ కలిపి ఒకే మూటగా కట్టి పంపే పద్ధతి వచ్చింది.

ఈ పద్ధతి ఫోన్లతో మొదలు కాలేదు. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడవ కూర్పులో "టార్" అనే సాధనం ఉంది. అనేక ఫైళ్లను ఒకదాని వెనుక ఒకటి చేర్చి అయస్కాంత టేపు మీద భద్రపరచడానికి దానిని వాడేవారు. 1989లో అమెరికాలో ఫిల్ కాట్జ్ "జిప్" పద్ధతిని తెచ్చాడు. ఇది ఫైళ్లను ఒకచోట చేర్చడమే కాక, నొక్కి చిన్నవిగా చేస్తుంది. 1997లో జావా భాషవారు ఇదే జిప్ మూటలో ప్రోగ్రాము భాగాలనూ, వాటి వివరాల పట్టికనూ పెట్టి "జార్" అన్నారు. 2008లో ఆండ్రాయిడ్ ఫోన్లు బజారులోకి వచ్చినప్పుడు ఆ దారిలోనే "ఏపీకే" వచ్చింది. ఇంగ్లీషులో ఆండ్రాయిడ్ ప్యాకేజీ అన్న మాటలకు ఇది పొట్టి పేరు.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. 1993లో మొదలైన డెబియన్ వంటి లినక్స్ వ్యవస్థలలోనూ ప్రోగ్రాములు మూటలుగానే వస్తాయి. కాని అక్కడి మూట "నాకు ఫలానా మరో మూట కూడా కావాలి" అని రాసుకొని వస్తుంది. యంత్రం ఆ రెండవ మూటనూ తెచ్చి పెడుతుంది. ఏపీకే మూటకు అంత ఇరుగుపొరుగు అవసరం లేదు. ఫోనులో ఉండే ఆండ్రాయిడ్ వ్యవస్థను ఆనుకొని, మిగిలిన సరంజామా చాలావరకు తన వెంటే తెచ్చుకుంటుంది. ఇందువల్ల వేయడం సులభం, తీయడం సులభం. మూట బరువు పెరగడం దీనిలోని నష్టం. ఒకే భాగం పది యాప్‌లలో పదిసార్లు ఉంటుంది. ఆ భాగంలో లోపం బయటపడితే పదింటినీ విడివిడిగా సవరించవలసి వస్తుంది. యాప్‌ల కొత్త కూర్పులు తరచుగా రావడానికి ఇది కూడా ఒక కారణం.

మూట విప్పి చూస్తే

ఏపీకే లోపల రహస్యమేమీ లేదు. అది జిప్ మూటే. సంఘం కంప్యూటరులో ఆ ఫైలుకు నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చితే, వేయకుండానే లోపలి ఫైళ్లను చూడవచ్చు. అందులో ముఖ్యంగా కనిపించేవి ఇవి:

1. మానిఫెస్టు: ఇది మూట మీది చీటీ వంటిది. యాప్ గుర్తింపు పేరు, ఎన్నవ కూర్పు, ఏ ఆండ్రాయిడ్ మీద పనిచేస్తుంది, ఫోనులో ఏయే అనుమతులు కోరుతుంది అన్నవి ఇందులో ఉంటాయి.

2. డెక్స్ ఫైళ్లు: ఇవి అసలు ఆదేశాలు.

3. రిసోర్సులు: బొమ్మలు, తెరల అమరిక, భాషల వారీగా మాటల పట్టికలు.

4. లిబ్ అనే అర: ఫోనులోని ప్రాసెసరు రకాన్ని బట్టి నేరుగా నడిచే భాగాలు. కొన్ని యాప్‌లలో ఇది ఉండదు.

5. సంతకం: మూట కట్టినవారు వేసిన సీలు.

ఇందులో మొదటిదీ చివరిదీ మనకు ముఖ్యం. చీటీలో ఏమి అడుగుతున్నారు, సీలు ఎవరిది అన్న రెండు ప్రశ్నలలోనే మంచిచెడ్డలు చాలావరకు తేలిపోతాయి.

సీలు ఏమి చెబుతుంది?

శీతలీకరణ కేంద్రం నుంచి డెయిరీకి పోయే ట్యాంకరును గుర్తు తెచ్చుకోండి. పాలు నింపాక మూతకూ, వాల్వుకూ నంబరు ఉన్న సీలు వేస్తారు. ఆ నంబరు కాగితం మీద రాస్తారు. డెయిరీలో సీలు చెక్కుచెదరకుండా ఉన్నదా, నంబరు కలిసిందా చూస్తారు. తేడా ఉంటే విచారణ జరిగేదాకా పాలు దించుకోరు.

ఏపీకేకు కూడా అటువంటి సీలే ఉంది. మూట కట్టినవారి దగ్గర రెండు తాళపుచెవులు ఉంటాయి. ఒకటి వారు ఎవరికీ ఇవ్వనిది. దానితో సీలు వేస్తారు. రెండవది మూటతోపాటు పంపేది. దానితో ఫోను సీలును సరిచూస్తుంది. ఇక్కడ తాళపుచెవులంటే ఇనుపవి కావు, పెద్ద సంఖ్యలు. సీలు వేసే ముందు మూటలోని సమస్తాన్నీ లెక్కకట్టి ఒక చిన్న గుర్తుగా మారుస్తారు. మూటలో ఒక్క అక్షరం మారినా ఆ గుర్తు మారిపోతుంది, సీలు కలవదు. మొదట్లో లోపలి ఫైళ్లకు విడివిడిగా గుర్తు కట్టేవారు. 2016లో వచ్చిన ఏడవ ఆండ్రాయిడ్ నుంచి మూట మొత్తానికీ కలిపి సీలు వేసే పద్ధతి ఏర్పడింది. సీలు లేని మూటను ఆండ్రాయిడ్ అసలు వేసుకోనే వేసుకోదు.

సీలుకు రెండవ ఉపయోగం కూడా ఉంది. ఫోనులో ఉన్న యాప్‌కు కొత్త కూర్పు వచ్చినప్పుడు, పాతదానికి వేసిన తాళపుచెవితోనే కొత్తదానికీ వేశారా అని ఫోను చూస్తుంది. వేరైతే కొత్తదాన్ని నిరాకరిస్తుంది. మీ బ్యాంకు యాప్ పేరు పెట్టుకొని ఎవరో తయారు చేసిన మూట అసలు బ్యాంకు యాప్ స్థానంలోకి చొరబడలేకపోవడానికి కారణం ఇదే.

సీలు చెప్పనిది ఏమిటి?

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ట్యాంకరు సీలు సరిగా ఉన్నంత మాత్రాన పాలు మంచివని డెయిరీవారు ఒప్పుకోరు. దారిలో ఎవరూ ముట్టుకోలేదని మాత్రమే సీలు చెబుతుంది. నింపిన చోటే నీళ్లు కలిపి ఉంటే సీలు ఏమి చేయగలదు? అందుకే సీలు చూశాక నమూనా తీసి పరీక్షిస్తారు.

ఏపీకే సీలు కూడా అంతే. కట్టినవారు మంచివారా కాదా అన్నది అది చెప్పదు. పైగా ఈ తాళపుచెవులను ఎవరైనా తమ కంప్యూటరులో తామే తయారు చేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ సీలు విషయంలో మధ్యవర్తి ఎవరూ "ఇతను ఫలానా" అని ధ్రువపరచనవసరం లేదు. మోసగాడు కూడా సలక్షణమైన సీలు వేసే పంపుతాడు. సీలు కలిసింది కాబట్టి ఫోను మారుమాట లేకుండా వేసుకుంటుంది. "ఫోను ఒప్పుకున్నది కదా" అన్న నమ్మకం అందుకే చాలదు.

మూట వచ్చిన దారి

ప్లే స్టోరు ద్వారా వచ్చే యాప్‌కు దుకాణం పూచీ కొంత ఉంటుంది. అక్కడ యాప్‌ను పరిశీలిస్తారు. చెడ్డదని తేలితే తీసివేస్తారు. అక్కడా అప్పుడప్పుడు చెడు సరుకు చేరకపోలేదు. అయినా, ఎవరో చేతికిచ్చినదానికంటే అది మేలు. 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోరులో కొత్త యాప్‌లు పెట్టేవారు పెద్ద కట్టను దుకాణానికి అప్పగిస్తే, దుకాణమే ఒక్కొక్క ఫోనుకు తగిన మూటలను కట్టి, సీలు వేసి పంపుతున్నది.

వాట్సాప్, మెసేజి, బ్లూటూత్ ద్వారా వచ్చే ఏపీకేకు ఈ పూచీ లేదు. అందుకే దానిని తాకగానే ఫోను అడ్డుపడుతుంది. 2017లో వచ్చిన ఎనిమిదవ ఆండ్రాయిడ్‌కు ముందు, బయటి మూటలను అనుమతించే మీట ఫోను మొత్తానికీ ఒకటే ఉండేది. ఒకసారి తెరిస్తే అన్ని దారులూ తెరుచుకునేవి. ఇప్పుడు ఏ యాప్ ద్వారా వచ్చిన మూటలను అనుమతించాలో విడివిడిగా చెప్పాలి. వాట్సాప్‌కు ఒకసారి అనుమతి ఇచ్చి మరిచిపోతే మాత్రం ఆ తలుపు తెరిచే ఉంటుంది. ఒకసారి పని అయ్యాక దానిని మూసివేయాలి.

అనుమతులే అసలు తాళాలు

వేసుకున్న ప్రతి యాప్‌కూ ఆండ్రాయిడ్ ఒక ప్రత్యేక గది ఇస్తుంది. ఒక గదిలోని యాప్ మరొక గదిలోని సరుకును ముట్టుకోలేదు. గది దాటి వెళ్లాలంటే మన అనుమతి కావాలి. 2015లో వచ్చిన ఆరవ ఆండ్రాయిడ్ నుంచి కెమెరా, మెసేజీలు, ఫోను నంబర్లు వంటివాటికి యాప్ నడిచేటప్పుడు ఒక్కొక్కటిగా అడగడం ఆచారమయింది.

ఇందులో రెండు అనుమతుల విషయంలో మిక్కిలి జాగ్రత్త అవసరం. మొదటిది మెసేజీలు చదివే అనుమతి. బ్యాంకు ఓటీపీ వచ్చేది మెసేజీగానే. రెండవది యాక్సెసిబిలిటీ. చూపు సరిగా లేనివారికి తెర మీది అక్షరాలు చదివి వినిపించడం వంటి మంచి పనులకు ఏర్పరచినది ఇది. కాని ఇది పొందిన యాప్ తెర మీద కనిపించేది చదవగలదు, మన వేలు బదులు తానే మీటలు నొక్కగలదు. 2022లో వచ్చిన పదమూడవ ఆండ్రాయిడ్ నుంచి బయటి నుంచి వచ్చిన మూటలకు ఈ అనుమతి సులభంగా దొరకకుండా అదనపు అడ్డు పెట్టారు. ఆ అడ్డును ఎలా తొలగించాలో మోసగాళ్లు ఫోనులో దగ్గరుండి చెబుతారు. అలా చెప్పేవారు ఎవరైనా సరే, అక్కడే ఆగిపోవాలి.

ఒక సంఘంలో జరిగినది

మోసం లేకుండానే నష్టం ఎలా వస్తుందో చెప్పే సంగతి ఒకటి మా దృష్టికి వచ్చింది. ఒక సంఘ కార్యదర్శికి పాల సేకరణ యాప్ కొత్త కూర్పు వాట్సాప్‌లో వచ్చింది. వేయబోతే ఫోను వేసుకోలేదు. పంపినవారికి ఫోను చేస్తే "పాతది తీసేసి, కొత్తది వేయండి" అన్నారు. ఆయన అలాగే చేశారు. కొత్తది పడింది. కాని పాతదానితోపాటు అంతవరకు ఫోనులోనే ఉన్న పన్నెండు రోజుల లెక్కలు పోయాయి. మేము వెళ్లి చూసినప్పుడు ఆయన తల పట్టుకొని కూర్చున్నారు. సభ్యుల దగ్గర ఉన్న స్లిప్పులు, కేంద్రంలోని రిజిస్టరు ముందు వేసుకొని రెండు రోజులు కూర్చుంటే తప్ప బిల్లు తయారు కాలేదు. ఇద్దరు సభ్యుల స్లిప్పులు కొన్ని దొరకకపోతే రిజిస్టరే ఆదుకున్నది.

ఆ ఫైలు మోసపు ఫైలు కాదు. పంపినవారిదే. వారు వేరే తాళపుచెవితో సీలు వేశారు, అంతే. దుకాణం వేసిన సీలు ఒకటి, తామే స్వయంగా వేసిన సీలు మరొకటి అయినప్పుడు కూడా ఇలా జరుగుతుంది. యాప్‌ను తీసివేస్తే దాని గదిలోని సరుకు కూడా పోతుందన్న సంగతి కార్యదర్శికి ఎవరూ చెప్పలేదు. ఫోను నిరాకరించినప్పుడు దానిని విసుగుగా కాక, ట్యాంకరు సీలు నంబరు కలవనప్పటి హెచ్చరికగా తీసుకోవాలి.

మోసపు మూటలు ఎలా వస్తాయి?

పి.ఎం. కిసాన్ జాబితా అని, కరెంటు బిల్లు బాకీ అని, వాహనం చలానా అని, బ్యాంకు కేవైసీ అని, చివరకు పెళ్లి పత్రిక అని కూడా ఏపీకే ఫైళ్లు పంపుతున్నారు. తెలిసినవారి నంబరు నుంచే రావచ్చు. ఎందుకంటే ముందు వారి ఫోను చిక్కి, దాని నుంచి వారి బంధుమిత్రులందరికీ అదే ఫైలు పోతుంది. వేసుకొని, అడిగిన అనుమతులు ఇస్తే, ఓటీపీ మెసేజీలు మోసగాడికి చేరతాయి. కొన్ని యాప్‌లు తమ గుర్తును తెర మీద కనపడనీయవు. వేసినట్టే తెలియదు.

ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే ఇటువంటివి చాలావరకు తప్పిపోతాయి. పెళ్లి పత్రిక ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. జాబితా కూడా అంతే. ఏపీకే అంటే చదివే కాగితం కాదు, ఫోనులోకి దిగే ప్రోగ్రాము. కాగితం పంపుతున్నామని చెప్పి ప్రోగ్రాము పంపారంటే అక్కడ మోసం ఉన్నట్టే లెక్క.

సభ్యులూ, కార్యదర్శులూ పాటించవలసినవి

1. ఫైలు పేరు చివర చుక్క తరువాత ఏపీకే అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే, మీరు అడిగి తెప్పించుకున్నది కానప్పుడు ముట్టుకోవద్దు. ఇంట్లో పిల్లలకూ ఇది చెప్పండి.

2. బ్యాంకు, ప్రభుత్వ పథకాల యాప్‌లు కావాలంటే ప్లే స్టోరులో వెతికి, తయారుచేసినవారి పేరు చదివి వేసుకోండి. మెసేజీలో వచ్చినది వేసుకోవద్దు.

3. సేకరణ యాప్ కొత్త కూర్పు వస్తే, కార్యదర్శి తన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు తానే ఫోను చేసి, పంపినది నిజమేనా అని కనుక్కోవాలి. మెసేజీలో ఇచ్చిన నంబరుకు చేయకూడదు.

4. పంపినవారిని ఫైలు "షా-256" గుర్తు అడగండి. ఇది మూటను లెక్కకట్టగా వచ్చే 64 అంకెలు, అక్షరాల వరుస. దీనిని లెక్కకట్టే సౌకర్యం విండోస్ కంప్యూటరులోనే ఉంది. ఫైలు వాట్సాప్‌లో వస్తే గుర్తును ఫోను మీద చదివించుకోండి. రెండూ ఒకే దారిలో వస్తే సరిచూసిన ఫలితం ఉండదు.

5. కొత్త కూర్పు వేసే ముందు లెక్కలను కంప్యూటరులోకి నకలు తీసుకోండి. ఫోను నిరాకరిస్తే పాతదాన్ని తీసివేయవద్దు. ముందు కారణం అడగండి.

6. సేకరణ యాప్‌కు తూకం యంత్రంతో కలవడానికి బ్లూటూత్ అనుమతి కావచ్చు. మీ బ్యాంకు మెసేజీలు చదవవలసిన అవసరం దానికి లేదు. అడిగితే ఇవ్వకండి, మాకు తెలియజేయండి.

7. వీలయితే సంఘం సేకరణకు ఒక ఫోను, కార్యదర్శి సొంత బ్యాంకు పనులకు మరొకటి ఉంచుకోవడం మేలు. స్లిప్పులు, రిజిస్టరు మాత్రం మానవద్దు.

ఇప్పటికే వేసుకున్నవారు ఏమి చేయాలి?

సిగ్గుపడి దాచుకోవద్దు. మొదట ఆ ఫోనులో ఇంటర్నెట్టును ఆపి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. వెంటనే మరొక ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలను నిలిపివేయించండి. తరువాత 1930 నంబరుకు ఫోను చేయండి. ఇది సైబరు ఆర్థిక మోసాల ఫిర్యాదుకు దేశమంతటికీ ఉన్న నంబరు. డబ్బు ఇంకొక ఖాతాకు, అక్కడి నుంచి మరొకదానికి పోయేలోగా ఫిర్యాదు చేరితే ఆపే అవకాశం ఉంటుంది. అందుచేత గంటలు కాదు, నిమిషాలు ముఖ్యం.

ఆ తరువాత ఫోను సెట్టింగులలో యాప్‌ల పట్టిక చూసి, యాక్సెసిబిలిటీ అనుమతి తీసివేసి, ఆ యాప్‌ను తొలగించాలి. తొలగించడానికి ఒప్పుకోకపోయినా, అనుమానం తీరకపోయినా, ఫోటోలు, నంబర్లు భద్రపరచుకొని ఫోనును మొదటి స్థితికి తీసుకురావడమే మంచిది. బ్యాంకు పిన్‌నూ, పాస్‌వర్డులనూ వేరే ఫోను నుంచి మార్చండి. మీ నంబరు నుంచి ఆ ఫైలు ఎవరెవరికి పోయిందో చూసి, వారిని హెచ్చరించండి. సంఘం గ్రూపులో అందరూ ఉంటారు కాబట్టి అక్కడ ముందుగా చెప్పాలి.

ఏపీకే అన్న పేరు చూసి భయపడనవసరం లేదు. ఫోనులో రోజూ వాడే యాప్‌లు కూడా ఆ మూటలుగానే వచ్చాయి. ఎవరు పంపారు, ఏ దారిన వచ్చింది, ఏమి అడుగుతున్నది అన్న మూడు ప్రశ్నలు వేసి, మూడింటికీ సరైన జవాబు దొరికితేనే వేసుకోవాలి.

ఫోను ఉన్నా చదువురాని సభ్యులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ఎక్కువగా నష్టపోయేది వారే. కనుక ఈ వ్యాసాన్ని వచ్చే సమావేశంలో చదివి వినిపించవలసిందిగానూ, 1930 నంబరును పాల సేకరణ కేంద్రం గోడ మీద పెద్ద అంకెలతో రాయించవలసిందిగానూ కార్యదర్శులను కోరుతున్నాము.